గడప లేని శనివారాలు

మే 5, సోమవారం

నేల పని మొదలైంది. వరండా నుంచి వంటింటి దాకా ఇల్లంతా ఒకే నేల. చూడ్డానికి చెక్కలా ఉండే పలకలు. ఒకదాంట్లో ఒకటి ఇరికించుకుంటూ పోతారు. తమ్ముడి భార్య అక్షయ ముచ్చటపడింది, తమ్ముడు జాన్ సరేనన్నాడు, నేను నా మంచం పెరటి వసారాలోకి మార్చుకున్నాను.

పని చేసే తాతాజీది రావులపాలెం. గుమ్మాల దగ్గర పట్టీలు వెయ్యాలి కదండీ అన్నాడు. ఒక గది నేలకీ పక్కగది నేలకీ మధ్య కాస్త సందు వదిలి, ఆ సందు మీద అడ్డంగా వేసే సన్నటి రేకు. రెండు పక్కలా ఒకటే నేల అయినప్పుడు మధ్యలో రేకెందుకని జాన్ అడిగేడు. చీర మధ్యలో అతుకు వేసినట్టుంటుందని అక్షయ అంది. ఆయ్, అదీ నిజమేనండి అన్నాడు తాతాజీ.

నన్నూ అడిగేరు. మీ ఇష్టం అన్నాను.

మే 7, బుధవారం

గడపలు తీసేసేరు. అవి ఉంటే నేల ఏకంగా రాదట. లోపలివి సులువుగానే వచ్చేయి. వీధి గుమ్మానిది మాత్రం పొద్దున్నించీ మొరాయించి, మధ్యాహ్నం అన్నాల వేళకి ఊడింది. పన్ను పీకిన నోరులా ఉంది గుమ్మం.

మా క్రైస్తవుల ఇళ్ళలో గడపకి పసుపు రాయం. అయినా అమ్మ గడప మీద కూర్చోనిచ్చేది కాదు. అటొకరు ఇటొకరు నిలబడి ఏదైనా చేతులు మార్చుకుంటే ఊరుకునేది కాదు. ఎందుకమ్మా అంటే, అంతే అనేది.

మే 9, శుక్రవారం

పని అయిపోయింది. నేల బాగుంది.

మే 10, శనివారం

శనివారం కాబట్టి మాస్టారు వచ్చేరు.

సత్యానందం మాస్టారు మా సంఘం కార్యదర్శి. ఆదివారం ఆరాధనలో పాడే పాటల నంబర్లు ఆయన చెప్పాలి. గుడిలో కీబోర్డు నేను వాయిస్తాను కాబట్టి అవి నాకు తెలియాలి. ఇందులో ఇంకేం లేదు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అని మా చెల్లెలు మెర్సీ ఎప్పుడూ అంటుంది. ఫోన్‌లో ఆయన మాట సరిగా వినపడదు.

ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. అప్పట్నించీ శనివారం శనివారం ఇదే వరస. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తారు. వరండా దాటి వచ్చి గడపకి అవతల ఆగుతారు. వందనాలు టీచరుగారూ అంటారు. నేను గడపకి ఇవతల నిలబడతాను. నంబర్లు చెప్తారు. రాసుకున్నారా అండీ అంటారు. రాసుకున్నానండి అంటాను. వస్తానండి అని వెళ్ళిపోతారు. ఒక్కరోజు గడప దాటి ఎరగరు. నేను రమ్మనీ ఎరగను. ఆయన ఒంటరివాడు, నేను పెళ్ళి కాని మనిషిని. యాభై దాటినా పెళ్ళి కానిది పెళ్ళి కానిదే కదా.

ఇవాళ ఆయన కళ్ళు చేతిలో కాగితం మీద ఉన్నాయి. కాళ్ళు గడప కోసం చూసుకుంటూ వచ్చేయి. గడప తగల్లేదు. మొదటి నంబరు వరండాలో చెప్పేరు, రెండోది గుమ్మంలో. మూడోది చెప్పి తలెత్తేసరికి ఎదురుగా ఫ్రిజ్ ఉంది.

"టీచరుగారూ, గడపేదండీ?"

తీయించేసేమండి అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూసేరు. వరండా ఎక్కడో అవతలి రేవులా ఉంది. పడవ లేనట్టు నిలబడిపోయేరు. మంచినీళ్ళిచ్చేను. గ్లాసు ఖాళీ చేసి ఫ్రిజ్ మీద పెట్టి, వస్తానండి అనడం కూడా మర్చిపోయి వెళ్ళేరు.

నేల చాలా బాగుంది. అడుగు పడినట్టే తెలియదు. పని లేకపోయినా రెండుసార్లు వరండాలోకి వెళ్ళొచ్చేను. బియ్యం కడుగుతూ పాడుతున్నానట. ఏంటి వదినగారూ అని అక్షయ అడిగింది. రేపటి పాట అన్నాను.

మే 11, ఆదివారం

రెండో పాట నంబరు తప్పు రాసుకున్నట్టున్నాను, సంఘమంతా ఒకటి పాడింది, నేనొకటి వాయించేను. మాస్టారు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది.

క్షమించు ప్రభువా. నాకూ నవ్వొచ్చింది.

మే 14, బుధవారం

స్త్రీల సమాజం ప్రార్థన కూడిక మా ఇంట్లో.

ఇదివరకు హాలు నిండితే మిగతావాళ్ళు వరండాలో సర్దుకునేవారు. ఇవాళ ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియలేదు. చాపల పక్కన చాపలు పరుచుకుంటూ పోయేరు. మొదటి ప్రార్థన అయ్యేసరికి ఒక వరస నా గదిలో ఉంది. ఆఖరి వరస వంటింట్లో. సాక్ష్యం చెప్పడానికి లేచినావిడ పొయ్యి పక్కనించి లేచింది. చెబుతూ చెబుతూ మా పులుసు కలిపి, ఉప్పు కూడా చూసింది.

బైబిలు వాక్యం మధ్యలో చేపలావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని ఫ్రిజ్ దాకా వచ్చేసింది. గుమ్మం ఎక్కడుందో తెలవలేదమ్మా అంది. నిజమే, పాపం. బుట్టలో మంచి రొయ్యలున్నాయి. పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే ఇవతల గుసగుసగా బేరం జరిగింది. ఆమేన్‌కి తెగింది.

చెప్పుల సంగతి చెప్పక్కర్లేదు. కొన్ని మెట్ల దగ్గర, కొన్ని హాల్లో, కొన్ని పెరటి గుమ్మం దాకా నడిచి అక్కడ విడిచినవి. ఎవరో నా స్నానాలగది చెప్పులేసుకుని వెళ్ళిపోయేరు.

మెర్సీ వెళ్తూ వెళ్తూ అంది, "అక్కయ్యా, ఇది ఇల్లు కాదే, రావులపాలెం సెంటరు."

మే 17, శనివారం

మాస్టారు వచ్చేరు. ఈసారి కాగితం జేబులో ఉంది, చూపు నేల మీద ఉంది. గడప ఉండవలసిన చోటు అంచనా వేసుకుని ఆగేరు. అదే చోటో కాదో అనుమానం వచ్చినట్టుంది, ఒకడుగు వెనక్కి వేసేరు. మళ్ళీ ముందుకి వచ్చేరు. మెర్సీ ఆవకాయకి కాయలు కొట్టడానికి వచ్చి హాల్లోనే కూర్చుని ఉంది. కత్తి ఆపి చూస్తోంది.

చివరికి ఆయన ఉన్న మాట అనేసేరు.

"ఈ ఇంట్లో ఎక్కడ ఆగాలో తెలీటం లేదండి, టీచరుగారూ."

ఆగమని ఎవరన్నారండీ అని మెర్సీయే అంది. కుర్చీ జరిపింది. ఆయన కూర్చోగానే చేతిలో కత్తి పెట్టింది. ఇన్నేళ్ళు హెడ్‌మాస్టరుగా చేసిన మనిషి చొక్కా చేతులు మడిచి మా మామిడికాయలు కొట్టేరు. ప్రతి ముక్కకీ టెంక సమానంగా రావాలని ఆయన పట్టుదల. ఇలా అయితే ఆవకాయ వచ్చే ఏడుకి అందుతుంది మాస్టారూ అని మెర్సీ అంది. ఆయన నవ్వుతూనే కొట్టేరు, సమానంగానే.

టీ ఇస్తే తాగేరు. బాగుందన్నారు. ఒక్కడికి టీ పెట్టుకోవడం తనకిప్పటికీ చేతకావడం లేదనీ, ఎలా పెట్టినా రెండు కప్పులవుతోందనీ అన్నారు. మామూలుగానే అన్నారు. నేనూ మామూలుగానే విన్నాను.

నంబర్లు చెప్పడం మర్చిపోయి వెళ్ళేరు. వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి చెప్పేరు.

మే 20, మంగళవారం

మర్చిపోయిన జాడీ మూత కోసం మెర్సీ వచ్చింది. మూత ఆ రోజే పట్టుకెళ్ళింది. నాకు తెలుసు, తనకీ తెలుసు.

ఆయన అడిగితే ఏమంటావు అంది.

ఎవరు అన్నాను.

పాలవాడు అంది.

పాలవాడికి ముగ్గురు పిల్లలు అన్నాను. మెర్సీ నెత్తి కొట్టుకుంది. తర్వాత నా పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది. నాన్న పోయినప్పటినుంచీ అందరికీ నువ్వే చూసేవు, నీకు ఇష్టమైతే ఇష్టమని ఒక్క మాట అను, మిగతాది నేను చూసుకుంటానంది. ఆయన పాటల నంబర్లు చెప్పడానికి వస్తారు అన్నాను.

అయితే ఆ పాట నువ్వే పాడుకో అని వెళ్ళిపోయింది. ఈసారి నిజంగానే గరిటె మర్చిపోయింది.

ప్రార్థనలో ఏమడగాలో తెలియలేదు. నేల కోసం అడిగేను.

మే 22, గురువారం

మాస్టారు హాల్లో కూర్చుని కాయలు కొట్టిన సంగతి జాన్‌కి ఆఫీసులో ఎవరో చెప్పేరట. ఇంటికి వచ్చి అన్నం తిని, తాతాజీకి ఫోన్ చేసి, వీధి గుమ్మానికి పట్టీ వెయ్యమన్నాడు. కాస్త వెడల్పాటిది, బాగా కనపడేది.

నేను వద్దన్నాను.

నిన్నటిదాకా నీ ఇష్టమన్నావు కదక్కయ్యా అన్నాడు. ఆ తర్వాత పట్టీ గురించి నేను మాట్లాడినంత ఈ ఇంట్లో దేని గురించీ మాట్లాడి ఉండను. కాలికి తగులుతుందన్నాను. చీపురు ఆగుతుందన్నాను. చీమలు చేరతాయన్నాను. పిల్లలు పడతారన్నాను. ఏ పిల్లలన్నాడు. ఎవరైనా రావచ్చు కదా అన్నాను. అక్షయ గుడ్లప్పగించి చూస్తోంది. నేను ఇంటి పనిలో జాన్ మాట కాదనడం తను ఇదే చూడటం.

జాన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టేడు. పట్టీ వెయ్యాలి కదా అని తను అడిగితే తాతాజీ, ఆయ్, వెయ్యకపోతే ఎండకి నేల లేస్తుందండి, నేను ముందే చెప్పేను అన్నాడు. అంత అవసరమా బాబూ అని నేనడిగేను. ఆయ్, అంత అవసరం లేదండి అన్నాడు.

పట్టీ వాయిదా పడింది. నేను గెలిచినట్టే.

నాకు కావలసింది నేల నేలలా ఉండటం, అంతే.

మే 24, శనివారం

మాస్టారు వచ్చేసరికి జాన్ వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆయనకీ అక్కడే కుర్చీ వేసేడు. కరెంటు కోతల గురించి మాట్లాడేడు. నంబర్లు జానే అడిగి తెలుసుకుని అక్కణ్ణించి కేకేసి నాకు చెప్పేడు. ఒకటి తప్పు చెప్పేడు. మాస్టారు గొంతు వరండాలోంచి దిద్దింది.

మొత్తానికి వినపడింది.

మే 28, బుధవారం

రోహిణి కార్తె. కొబ్బరాకు కదలడం లేదు.

వీధి గుమ్మానికి ఇవతల నేల లేచింది. కింద పిల్లి దూరి పడుకున్నట్టుంది. సందులు వదల్లేదు కదా, పలకలు ఎండకి సాగి ఎటూ పోలేక పైకి లేచేయట. జాన్ దాని మీద నిలబడ్డాడు. అక్కడ అణిగి భోజనాల బల్ల కింద లేచింది. అక్షయ పరిగెత్తి అక్కడ నిలబడింది. మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చింది. మొగుడూ పెళ్ళాం కాసేపు దాన్ని అటూ ఇటూ తోలేరు. నేను సోఫాలో కూర్చుని చూసేను. సాయంత్రానికి గుమ్మం దగ్గర బియ్యం బస్తా, బల్ల కింద రోలు పెట్టి ఊరుకున్నారు.

తాతాజీ ఫోన్ ఎత్తడం లేదు.

మే 31, శనివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. రాస్తుంటే నవ్వొస్తోంది.

జాన్ ఆఫీసు పనిమీద కాకినాడ వెళ్ళేడు. ఎండ ఇంకా తగ్గకముందే మాస్టారు వచ్చేరు. వరండా పెనంలా ఉంది. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. లోపలికి రండి మాస్టారూ, ఏసీ ఉంది అని పిలిచింది అక్షయ, నేను కాదు. బియ్యం బస్తా పక్కకి జరిపి, ఆయన లోపలికి వచ్చేక చల్లదనం పోతుందని తలుపు వేసింది.

నంబర్లు చెప్పేరు. టీ తాగేరు. ఇంక వస్తానండి అని లేచి తలుపు లాగేరు. రాలేదు. బస్తా తీసిన చోట నేల లేచి తలుపుకి అడ్డం పడింది. నేనూ లాగేను. అక్షయా లాగింది. ముగ్గురం కలిసి లాగేం. పిడి చేతికి వచ్చేసింది.

అప్పుడే బయట మెర్సీ గొంతు. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. తలుపు తియ్యవేం అంది. రావటం లేదన్నాను. లోపల ఎవరెవరున్నారంది. నేనూ అక్షయా అన్నాను. ఇంకా అంది. పిడి వంక చూసేను. అబద్ధం ఆడలేను కదా.

"నేనున్నానండి," అన్నారు మాస్టారు.

మెర్సీ వీధికంతా వినపడేలా, నంబర్లు చెప్పడం అయిందా మాస్టారూ, లేక పుస్తకం మొదటినుంచీ చదువుతున్నారా అంది. మిగతా ఇద్దరూ విరగబడి నవ్వేరు.

ఇంక పెరటి గుమ్మం ఒక్కటే దారి. నేను ముందు నడిచి ఆరేసిన దుప్పట్లు తప్పించేను. ఆయన తలవంచుకుని వెనక వచ్చేరు. చెప్పులు వీధి మెట్ల దగ్గర ఉండిపోయేయి. అక్కడ మెర్సీ ఉంది, కాబట్టి వాటి జోలికి పోనన్నారు. పెరడు దాటితే కాలవ గట్టు. గట్టు మీద ఇసక. రోహిణి ఎండలో కాలిన ఇసక. జీవితమంతా నెమ్మదిగా నడిచిన మనిషి పంచె పైకి పట్టుకుని గెంతుతూ వెళ్ళేరు. రేవులో బట్టలు ఉతుకుతున్నవాళ్ళు లేచి నిలబడి వందనాలు చెప్పేరు. ఆయన గెంతుతూనే ప్రతి ఒక్కరికీ వందనాలు చెప్పేరు.

నేను నేల మీద చతికిలబడి నవ్వేను. అక్షయ నీళ్ళు తెచ్చి తాగించింది. వదినగారూ, మీరిలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదండి అంది. నేనూ చూడలేదు.

జూన్ 1, ఆదివారం

ఆయన చెప్పులు మా మెట్ల దగ్గరనించి తియ్యాలని రాత్రి ఎవరికీ తోచలేదు. పొద్దున్న మొదటి ఆరాధనకి వెళ్ళేవాళ్ళందరూ చూసేరు. ఆ తోలు చెప్పులు తెలియనివాళ్ళు మా సంఘంలో లేరు.

ఆయన గుడికి నీలం హవాయి చెప్పులతో వచ్చేరు. ఆరాధన అయ్యేక, అందరూ గుడి ముందు ఉండగా, మెర్సీ ఆ తోలు చెప్పులు చేత్తో పట్టుకుని వీధి వెంట నడిచి వచ్చి ఆయన ముందు పెట్టింది. మావాళ్ళింట్లో మర్చిపోయేరండి అంది. పాస్టరుగారు ఆకాశం వైపు చూసేరు. మబ్బులేం లేవు.

ఇంటికి వచ్చేక జాన్ అన్నం తినలేదు. ఊరంతా నవ్వుతోందక్కయ్యా అన్నాడు. నాకూ నవ్వొచ్చిందిరా అన్నాను. వాడు నవ్వలేదు. ఈ వయసులో, అని ఆగిపోయేడు. రేపే పట్టీ వేయిస్తాను, ఇకనుంచి నంబర్లు ఫోన్‌లో చెప్పమని మాస్టారుతో చెప్తాను అన్నాడు.

నేలకి పట్టీ వేయించు అన్నాను. రెండోదానికి ఏమీ అనలేదు. అనవలసింది.

జూన్ 3, మంగళవారం

తాతాజీ వచ్చేడు. గుమ్మంలో నేల అడ్డంగా కోసి సందు చేసేడు. కోసిన వెంటనే ఉబ్బు అణిగిపోయింది. ఊపిరి వదిలినట్టు. సందు మీద ఇత్తడి రంగు పట్టీ బిగించేడు. ముందే చెప్పేను కదండీ అన్నాడు. అవును బాబూ, అన్నీ చెప్పేవు అన్నాను.

తలుపు హాయిగా తెరుచుకుంటోంది.

జూన్ 7, శనివారం

మాస్టారు ఫోన్ చేసేరు. నంబర్లు చెప్పేరు. స్పష్టంగా వినపడ్డాయి.

నేల బాగుంది.

జూన్ 9, సోమవారం

పట్టీ తుడిచేను.

జూన్ 11, బుధవారం

రేపు బడి తెరుస్తారు. చీరలు ఇస్త్రీ చేసుకుంటుంటే జాన్ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు ఇలాగే వచ్చి కూర్చునేవాడు.

ఫోన్ చెయ్యమని మాస్టారుతో చెప్పినప్పుడు ఆయన ఎదురు చెప్పలేదట. సరే బాబూ, మీ అక్కయ్యగారికి మాట వస్తే నాకూ కష్టమే అన్నారట. ఆ మాట తనకి గుచ్చుకుంటోందన్నాడు. ఊరి గురించి కాదక్కయ్యా అన్నాడు. కాసేపు దుప్పటి అంచు నలిపేడు. అమ్మ నాకు సరిగా గుర్తు కూడా లేదు, నువ్వు వెళ్ళిపోతే ఈ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలీదన్నాడు. జుట్టు నెరుస్తున్న మనిషి.

"ఎక్కడికిరా వెళ్ళేది? ఆయన ఇల్లు కాలవ వంతెన దిగితే రెండోది. నీ ఇంట్లో ఉప్పు అయిపోతే నడిచొచ్చి పట్టుకెళ్ళొచ్చు."

అనేసేక గానీ ఏమన్నానో నాకు వినపడలేదు.

జాన్ నా వంక చూసేడు. నేను ఇస్త్రీపెట్టె వంక చూసేను. చీర కాలుతోందక్కయ్యా అన్నాడు. నిజంగానే కాలుతోంది. ఇద్దరం కలిసి కిటికీలు తెరిచేం. కొంగు పోయింది. వాడు దాన్ని ఎత్తి పట్టుకుని, కన్నంలోంచి నన్ను చూసి, ఈ నెలలో మొదటిసారి నవ్వేడు.

ప్రభువా, ఇన్నాళ్ళూ నీతో నేల గురించే మాట్లాడేను. నీకు తెలిసే ఉంటుంది.

జూన్ 14, శనివారం

ఫోన్ రాలేదు. సాయంత్రం వాన వచ్చింది, ఈ ఏడు మొదటి మంచి వాన. వానలో గొడుగేసుకుని మాస్టారు వచ్చేరు. హాల్లో జాన్ పేపరు చదువుతున్నాడు. అక్షయ పకోడీలు వేస్తోంది. మెర్సీ గరిటె కోసమని వచ్చి తింటోంది.

ఆయన గొడుగు ముడిచి, చెప్పులు విడిచి, వరండా దాటి పట్టీ దగ్గర ఆగేరు. ఇత్తడి రంగు రేకుకి అవతల వేళ్ళు సమానంగా పెట్టుకుని నిలబడ్డారు.

జాన్ పేపరు దించేడు. వరండాలో కూర్చోండి అంటాడనుకున్నాను. అనలేదు. నా వంక చూసేడు. అక్షయ కూడా వంటింట్లోంచి వచ్చి చూస్తోంది. మెర్సీ నోట్లో పకోడీ ఉంది, లేకపోతే అప్పటికే మాట్లాడేది.

ఇన్నేళ్ళూ గడప ఉంది కాబట్టి రమ్మని నేనెప్పుడూ అనలేదు. గడప పోయేక అనవలసిన పనే పడలేదు, ఆయనంతట ఆయనే వచ్చేరు, లేకపోతే వేరెవరో పిలిచేరు. ఇప్పుడు ఇందరున్నా ఒక్కరూ నోరు మెదపడం లేదు.

"సుగుణగారూ," అన్నారాయన. టీచరుగారూ అనలేదు. "ఇక్కణ్ణించి చెప్పేసి వెళ్ళమంటారా, లోపలికి రమ్మంటారా?"

రండి అన్నాను.

వాన చప్పుడుకి వినపడలేదో, ఇంకోసారి వినాలనుకున్నారో, ఏమన్నారండీ అన్నారు. ఈసారి కాలవ అవతలికి వినపడేలా అన్నాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

దాటేరు. అక్కడ ఎత్తేమీ లేకపోయినా కాలు బాగా ఎత్తి దాటేరు.

కూర్చోమంటే కూర్చోలేదు. జాన్ ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, ఇంటి పెద్దలు ఒప్పుకుంటే అని మొదలుపెట్టేరు. జాన్ గాభరాగా లేచి నిలబడ్డాడు. నన్నడుగుతారేంటండీ, మా ఇంట్లో పెళ్ళి మాట ఇచ్చేది అక్కయ్యే, చిన్నక్క పెళ్ళికీ నా పెళ్ళికీ తనే ఇచ్చింది అన్నాడు. అని, తన కుర్చీ తెచ్చి హాలు మధ్యలో వేసి, నన్ను కూర్చోబెట్టేడు. మెర్సీకి సంబంధం వచ్చినప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నాను. వేరే ఎలా కూర్చోవాలో నాకు తెలియదు.

మాస్టారు నా వైపు తిరిగి, మీ ఇంటి అమ్మాయిని అడగడానికి వచ్చేనండి అన్నారు. అమ్మాయి అనేసరికి మెర్సీకి పకోడీ పొలమారింది. అక్షయ దాని నెత్తి మీద కొడుతోంది. అదలా దగ్గుతూనే, నా మొగుణ్ణి అడిగినవన్నీ అడుగు అక్కయ్యా, ఒక్కటీ వదలొద్దు అంటోంది.

అడిగేను. కోపం ఎక్కువా అన్నాను. బడిలో ఉండేదండి, రిటైరయ్యేక ఎవరి మీద చూపించాలో తెలియక పోయిందన్నారు. వారం వారం గుడికి వస్తారా అన్నాను. మీరు వాయిస్తే వస్తానన్నారు. జాన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వుకో దేనికో.

ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఇలాంటప్పుడు పెద్దదానిగా నేనెప్పుడూ అనే మాటే అనేను. అమ్మాయి మనసు కూడా కనుక్కుని చెప్తానండి అన్నాను. మెర్సీ సంబంధం అప్పుడు అది గదిలో కూర్చుని ఉంది, నేను వెళ్ళి అడిగి వచ్చి చెప్పేను.

లేచి నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. గదిలో ఎవరూ లేరు. నిలబడి ప్రార్థన చేసుకుందామంటే నవ్వు ఆగడం లేదు, కళ్ళ నీళ్ళు ఆగడం లేదు. మొహం తుడుచుకుని, కొంగు సర్దుకుని, తలుపు తీసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మాయికి ఇష్టమేనండి," అన్నాను.